చెవి వెనక గాటు

తిరుపతి, బైరాగిపట్టెడ
3 మార్చి 2025

చిన్నబ్బా,

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. తిరుమలమ్మ ఎత్తి, "ఆయన మాట్లాడడన్నా" అంటుంది. ఎందుకో కూడా చెప్పింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఎరువుల అంగడికి ఫోన్ చేస్తే, అంగడాయన "పొద్దున్నే తాగినావా చిన్నబ్బా" అన్నాడట. తాగుడు ముట్టని మనిషివి. భారతం ఉత్సవాల్లో అర్జునుడి వేషం కట్టి తెల్లవార్లూ పద్యాలు పాడిన గొంతు నీది. బాధగానే ఉంటుంది.

అందుకే రాస్తున్నాను. నాలుక తడబడినా కుడిచేతికి ఏమీ కాలేదని విన్నాను. నువ్వూ రాయి.

నీ డిశ్చార్జి కాగితం నీ కూతురు రూపశ్రీ నాకు ఫోన్లో పంపింది. చదివాను. నీ గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. పక్షవాతానికి అదే కారణం. రక్తం పలచబరిచే మాత్ర రెండో వారం నుంచి మొదలుపెట్టమని, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని రాశారు. ఆ వారం వచ్చి వెళ్ళిపోయింది. వేసుకుంటున్నావా? రూపశ్రీని అడిగితే శ్రీసిటీలో తను పనిచేసే కంపెనీ సంగతులు చెప్పింది. మాట మార్చిందని అర్థమైంది.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. వంట ఒకపూటే చేస్తున్నాను. మీ అక్క పంకజాక్షి పోయి పది నెలలు కావస్తున్నా బియ్యం ఇద్దరికి సరిపడా పోస్తున్నాను. సాయంత్రం అలిపిరి బస్టాండుకు పోయి కూర్చుంటాను. అక్కడ కంట్రోలరుగా చేసిన అలవాటు పోలేదు.

జవాబు రాయి. తప్పులు నేను దిద్దను.

మీ బావ
మునిశేఖర్


చిన్నరాజుకండ్రిగ
9 మార్చి

బావా,

ముప్పై ఏండ్ల నుంచి బావవి. ఇది నువ్వు నాకు రాసిన మొదటి జాబు. ఇందుకోసరం నాకు పక్షవాతం రావాల్సి వచ్చింది సూడు.

ఎడమచెయ్యి నా మాట వినదు, తిరుమలమ్మ మాదిరి. నోరు కూడా అంతే. 'ద్రౌపదీ' అనబోతే 'దోపదీ' అని వస్తాది. ఊర్లో ఎవురితోనూ మాట్లాడను. ఆవుతో మాట్లాడతాను. అది ఎగతాళి చెయ్యదు, పాలు మాత్రం తక్కువిస్తా ఉండాది.

మాత్ర సంగతి అడిగినావు. మొదలుపెట్టలేదు. పెట్టను. అది ఎలకల మందు బావా. హార్మోనియం వెంకటరమణ కొడుకు ఫోన్లో సూపించినాడు. నీకు తెలియని సంగతా? అక్క మూడేండ్లు మింగింది కదా. మోచేతుల మీద నీలం మచ్చలు. మా ఇంటికొచ్చినప్పుడు కత్తిపీట మీద గోరుచిక్కుళ్ళు తరగతా ఏలు తెగ్గోసుకునింది. తువ్వాలు తడిసి తిరగేసి పెట్టుకున్నా ఆగలేదు. ఈ కండ్లతో సూసినాను. బయట అంత కారే నెత్తురు లోపల కారదా? కడాకు తలలోనే కదా అయ్యింది ఆమెకు.

భారతంలో అర్జునుడు ఎక్కే తపస్సు మాను మీద నుంచి పడి తుంటి ఇరిగినప్పుడు కూడా ఇంగ నడవలేవన్నారు. పుత్తూరు కట్టు కట్టించుకున్నా, అక్క మొక్కుకునింది, నడిచినా. ఇది కూడా ఎట్లో ఒకట్ల పోతాది.

బియ్యం ఎక్కువైతే కాకులకు పెట్టు. ఆమె కాకులకు పెట్టకుండా తినేది కాదు.

చిన్నబ్బ


తిరుపతి
16 మార్చి

చిన్నబ్బా,

నీ జాబు అందింది. నవ్వొచ్చింది ఒకచోట. ఎక్కడో చెప్పను.

ఎలకల మందు అన్న మాట అబద్ధం కాదు. అక్క వేసుకున్న మాత్ర మొదట అందుకే వాడారట. మోతాదు వేరు, కొలత వేరు. అందుకే ఆమెకు నెలనెలా రక్తపరీక్ష చేయించేవాణ్ణి. నీకు రాసింది అది కాదు, కొత్త రకం. పరీక్షలు అంతగా అక్కర్లేదు. ఆకుకూరలు కొలిచి తినే గొడవ లేదు. పూట మాత్రం తప్పకూడదు.

నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. గుండె పై గది గట్టిగా ముడుచుకోవాలి. నీకు అది వణుకుతోంది. అందుకని నెత్తురు అక్కడ నిలబడుతుంది. పారే కాలవలో పాచి పట్టదు, నిలిచిన గుంటలో పడుతుంది. అట్లా నిలిచిన నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డ విడిపోయి పైకి పోతే మెదడుకు పోయే దారి మూసుకుంటుంది. నీకు జరిగింది అదే. మాత్ర ఆ గడ్డ కట్టనివ్వదు. ఎక్కడైనా తెగితే నెత్తురు ఎక్కువసేపు కారుతుంది, నిజమే. మాత్ర పనిచేస్తోందంటే అట్లాగే ఉంటుంది.

ఇంకొకటి. మీ అక్కకు తలలో నెత్తురు కారలేదు. ఆ స్కాను నేను చూశాను. అది గడ్డే.

మాత్ర మొదలుపెట్టు.

మునిశేఖర్


చిన్నరాజుకండ్రిగ
24 మార్చి

బావా,

నీ పాఠం సదివినాను. బస్టాండులో మైకు ముందర చెప్పినట్టే ఉండాది. ఫలానా బస్సు ఫలానా చోటికి పోతాది, ఎక్కండి అని.

నేను పదో తరగతి తప్పినోణ్ణి. నువ్వు బి.ఎస్సీ. ఒక మాట అడుగుతాను, జవాబు చెప్పు. మాత్ర ఏసుకుంటే గడ్డ కట్టదంటివి. అక్క మాత్ర ఏసుకుంటా ఉండింది. అక్కకు గడ్డే కట్టిందంటివి. అట్లయితే ఆ మాత్ర ఏం చేసినట్టు?

దీనికి జవాబు చెప్పు, ఆ పొద్దే మింగుతాను.

నాకు తెలిసిన సంగతి వేరే ఉండాది. నా కాలు బాగైనందుకు అక్క కొండకు పోయి తలనీలాలు ఇచ్చింది. ఆ తల్లి మొక్కు తీర్చుకుని, నున్నటి గుండుతో, ఆ నెల తిరక్కుండానే స్వామి దగ్గరికి పోయింది. మా ఊర్లో ఆడోళ్ళు ఇప్పటికీ సెప్పుకుంటారు, ఎంత పుణ్యం చేసిందో అని. అది నమ్ముతాను. మాత్రను నమ్మను.

వెంకటరమణకు కూడా గుండె దడ. వానికీ ఇట్లాంటిదే ఇచ్చినారు. ఆపెయ్‌రా, మా అక్క సంగతి తెలుసు కదా అని పలక మీద రాసి సూపించినాను. సగం ఒప్పుకున్నాడు.

మామిడి పూత ఈ ఏడు బాగుండాది. గాలి రాకుండా ఉంటే.

చిన్నబ్బ


తిరుపతి
2 ఏప్రిల్

చిన్నబ్బా,

నీ ప్రశ్నకు జవాబు వెంటనే రాయలేకపోయాను. మాత్ర వేసుకుంటున్నా ఒక్కోసారి అట్లా జరుగుతుంది. డాక్టర్లే చెబుతారు. నూటికి నూరుపాళ్ళు కాపాడే మందు లేదు.

వెంకటరమణకు చెప్పింది వెనక్కి తీసుకో. అతని గుండె సంగతి అతని డాక్టరుకు తెలుసు.

నిన్న అలిపిరిలో చాలాసేపు కూర్చున్నాను. కొండ మీది నుంచి వచ్చే బస్సుల్లో గుండ్లకు గంధం పూసుకుని ఆడవాళ్ళు దిగుతుంటారు. ఎండకు గంధం ఎండి పెచ్చులుగా రాలుతుంటుంది. చూస్తూ కూర్చున్నాను. వేరే పనేమీ లేదు.

నీ మాత్రలు అయిపోయాయేమోనని కొని రూపశ్రీకి ఇచ్చాను. ఆదివారం ఊరికి వచ్చేటప్పుడు తెస్తుంది. అయిపోవడానికి నువ్వు వేసుకుంటే కదా అని ఆ పిల్ల అంది. అయినా తీసుకుంది.

మునిశేఖర్


చిన్నరాజుకండ్రిగ
13 ఏప్రిల్

బావా,

ఒక్కోసారి అంటావా. ఒక్కోసారి. ఏమైనా ఒక పెద్ద మాట సెప్తావనుకున్నా. మా ఊరి పూజారి కూడా వాన కురవకపోతే ఇదే మాట సెప్తాడు.

కోపం చేసుకోవద్దు, మనసులో ఉండేది రాస్తా ఉండాను. అక్కకు రోజూ రాత్రి మాత్ర చేతిలో పెట్టి నీళ్ళిచ్చేది నువ్వే. ఆమే నాతో ఎన్నోతూర్లు సెప్పింది, మీ బావ గడియారం మాదిరి అని. మోతాదు ఎక్కువిచ్చినావో తక్కువిచ్చినావో నీకే తెలియాల. నేను స్కాను సూల్లేదు. నువ్వు సూసినావు. నువ్వు సెప్పిందే మేమంతా విన్నాము. అక్క పోయిన దినం కూడా నీ కంట్లో తడి లేదు. కాగితాలు మడుచుకుని జేబులో పెట్టుకుంటా ఉన్నావు. ఇప్పుడేమో అలిపిరిలో కూసుని ఎవరెవరి గుండ్లో సూస్తావు. నాకు నీ లెక్క అర్థం కాదు బావా. ఎప్పుడూ కాలేదు.

రూపశ్రీ తెచ్చిన మాత్రలు గూట్లో పెట్టించినా. ఆడే ఉండాయి.

ఊర్లో భారతానికి కొడి జెండా ఎక్కించినారు. ఈ తూరి అర్జునుడు మునిరత్నం కొడుకు. గొంతు బాగుండాది, కాళ్ళు వణుకుతాయి. మాను ఎక్కేటప్పుడు బిల్వపత్రాలు చల్లతా పద్యం ఎట్ల పాడాలో నేర్పిద్దామని పోయినా. నోరు తెరిస్తే వాడు కిందికి సూసినాడు. వచ్చేసినా.

మొన్న పొద్దున కాఫీ తాగతా ఉంటే గ్లాసు చేతిలోనించి జారిపోయింది. ఈసారి కుడిచెయ్యి. ఆ వేళప్పుడు మాట అసలే రాలేదు. ఆవుకు గడ్డి ఏసొచ్చేలోపల సరైపోయింది. తిరుమలమ్మకు సెప్పలేదు. ఎండకు అయ్యింటాది.

చిన్నబ్బ


తిరుపతి
17 ఏప్రిల్

చిన్నబ్బా,

గ్లాసు జారింది ఎండకు కాదు. ఇంకో దెబ్బకు అది ముందు కబురు. నీ జాబు చదవగానే తిరుమలమ్మకు ఫోన్ చేశాను. రూపశ్రీకి చేశాను. "ఎత్తుకుని పోవాల్సిందే గానీ నాయన వినడు మామా" అంది. నాకూ తెలుసు. నీ ప్రశ్నకు జవాబు వస్తే తప్ప వినవు. ఈ ఉత్తరం రూపశ్రీ కంపెనీ బస్సులో వచ్చే మనిషి చేత పంపుతున్నాను.

జవాబు ఇదీ. మీ అక్క మాత్ర మానేసింది.

కొండకు పోవడానికి కొన్నాళ్ళ ముందు. నాకు చెప్పలేదు. నేను చేతిలో పెట్టిన మాత్ర తీసుకునేది, నీళ్ళు తాగేది. మాత్ర కొంగు చివర ముడివేసుకునేది. అంతకు ముందు ఏడాది పన్ను పీకించుకోవాల్సి వచ్చినప్పుడు, డాక్టరు ఆ మాత్ర కొద్దిరోజులు ఆపించి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టించాడు. ఆమె దాన్ని ఒక పద్ధతిగా మనసులో పెట్టుకుంది. కత్తి తగిలే పని ఉంటే మాత్ర ఆపాలి అని. గోరుచిక్కుళ్ళ నాడు కారిన నెత్తురు ఆమెకూ గుర్తుంది. కళ్యాణకట్టలో కత్తి గీసుకుని అట్లా కారితే, కొండ మీద నెత్తురు పడితే, అపచారమై మొక్కు చెల్లదేమోనని భయం. తమ్ముడి కాలికి మొక్కిన మొక్కు. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని కూడా భయమే.

నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. గుండుతో వచ్చింది. ఎడమ చెవి వెనక చిన్న గాటు. చేతిరుమాలు తీసేలోపలే నెత్తురు ఆగిపోయింది. "చూశారా, చుక్క కూడా కింద పడలేదు" అంది. గంధం పూసుకుంది. అంత తొందరగా ఆగడం నాకు వింతగా అనిపించింది. స్వామి దయ అనుకున్నాను. నేను కూడా.

కిందికి వచ్చాక కూడా మొదలుపెట్టలేదు. గాటు మీద పక్కు కట్టింది. అది రాలాక వేసుకుందామనుకుంది. చెవి వెనక కదా, ఆమెకు కనపడదు. పొద్దున్నే నా ముందు కూర్చుని తల తిప్పేది. "రాలిందా?" అనేది. "ఇంకా లేదు" అనేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అడిగేది. మళ్ళీ లేదనేవాణ్ణి. ఆమె అడిగేది ఒట్టి పక్కు సంగతే అనుకున్నాను.

పక్కు రాలకముందే జరిగింది.

ఆస్పత్రిలో డాక్టరు, మాత్ర సరిగా వేసుకుంటున్నావా అమ్మా అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. అప్పటికే మాట సగం పోయింది, ఇప్పుడు నీకున్నట్టే. ఆయన వెళ్ళాక నా మణికట్టు పట్టుకుని ముక్కలు ముక్కలుగా ఇదంతా చెప్పింది. చివర "చిన్నబ్బకు వద్దు" అంది. నీకు చెప్పొద్దని. నీ కాలి కోసం అక్క పోయిందని నువ్వు అనుకుంటావని. సరే అన్నాను. మర్నాడు ఇంకో గడ్డ వచ్చింది.

ఆ మాట కోసమే నువ్వు మాత్రను తిడితే ఊరుకున్నాను. ఊరు పుణ్యం అంటే ఊరుకున్నాను. మోతాదు సంగతి నువ్వు రాసినదానికీ ఊరుకునేవాణ్ణే. గ్లాసు సంగతి చదివాక కుదరలేదు.

నీ కాలు కారణం కాదు. మొక్కు కూడా కాదు. మాత్ర ఆపడం, ఆపుతున్నానని ఒక్కరికీ చెప్పకపోవడం. అంతవరకే. అంతకన్నా పెద్దగా ఆలోచించకు. నేను ఆలోచించి చూశాను. ఉపయోగం లేదు.

ముందు ఆస్పత్రికి పో. గ్లాసు జారిన సంగతి డాక్టరుకు చెప్పు. మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన్నే అడుగు. ఆయన వేసుకోమన్న పూట వేసుకో.

మునిశేఖర్


తిరుపతి
30 ఏప్రిల్

చిన్నబ్బా,

జవాబు రాలేదు. రాయకపోయినా పరవాలేదు.

ఆస్పత్రికి పోయి వచ్చావని రూపశ్రీ చెప్పింది. తర్వాత సంగతి తనకు తెలియదన్నది. వచ్చే నెల పద్దెనిమిదిన అక్క సంవత్సరీకం. నీకు రావాలని లేకపోతే రావద్దు. మాత్ర మాత్రం వేసుకో.

మునిశేఖర్


చిన్నరాజుకండ్రిగ
12 మే

బావా,

నీ పెద్ద జాబు ఎన్ని తూర్లు సదివినానో లెక్క లేదు. తిరుమలమ్మకు సదివి వినిపిద్దామని నోరు తెరిచినాను. పక్కు కాడికి వచ్చేతలికి ఆపేసినా. ఆమే పెరుక్కుని సదువుకునింది. సదివి, పోయి ఆవు కాడ నిలబడింది.

ముందర అక్క మీద కోపం వచ్చింది. అంత తెలివైన మనిషి. తర్వాత నీ మీద వచ్చింది. ఆమె చెప్పొద్దంటే చెప్పకుండా ఉండేదేంది, ఇన్నినాళ్ళు ఈ మనిషి ఎట్ల అన్నం తిన్నాడు అని. తర్వాత ఆ మాట నాకే తగిలింది. ఒక పూటే వండుకుంటానని నువ్వు మొదట్లోనే రాసినావు. నేను కాకులకు పెట్టమన్నాను.

మోతాదు సంగతి రాసినాను కదా. ఆ జాబు చింపెయ్. చింపకపోతే నేనొచ్చి చింపుతాను.

నా కాలు కారణం కాదన్నావు. సరే. నడిచినప్పుడంతా గుర్తొస్తాది, దానికి నువ్వు కూడా ఏమీ చెయ్యలేవు. నడవకుండా ఉండలేను కదా.

డాక్టరు సూసినాడు. మళ్ళీ స్కాను తీయించి, ఆ రాత్రి నుంచే ఏసుకోమన్నాడు. ఏసుకుంటా ఉండాను. తిరుమలమ్మ చేతిలో పెట్టి, నోరు తెరిపించి, నాలిక కింద కూడా సూస్తాది. నీ జాబు సదివిన పుణ్యం. మాను ఎక్కకూడదన్నాడు, పడితే లోపల కారతాదంట. ఎక్కనివ్వరు కూడా. మొన్న మునిరత్నం కొడుకు ఎక్కినాడు. నేను కింద నిలబడి తాళం ఏసినా. బిల్వపత్రం ఒకటి నా తల మీద పడింది. వాడు పద్యంలో ఒక మాట మింగేసినాడు. కింద నుంచి అందించినాను. నా నోటికి తెలిసిన మాదిరిగానే అందించినా. వానికి అందింది.

వెంకటరమణ ఇంటికి పోయినాను. పలక తీసుకుపోలేదు. ఇదంతా పలక మీద పట్టేది కాదు. నోటితోనే సెప్పినా. శానాసేపు పట్టింది. వాడు నవ్వలేదు. హార్మోనియం మూసిపెట్టి విన్నాడు. వాడింకా మాత్ర ఆపలేదంట. "నువ్వు సెప్తే వింటానా, నువ్వు పద్యమే తాళం తప్పి పాడతావు" అన్నాడు. నా పానం నిమ్మళమైంది.

సంవత్సరీకానికి వస్తా ఉండాను. మాసిన మొగంతో రాకూడదని నిన్న గెడ్డం గీసుకున్నా. ఎడమచేత్తో చెంప లాగి పట్టుకోలేను కదా, చెవి కింద బ్లేడు తెగింది. నెత్తురు. తిరుమలమ్మ బెదిరిపోయింది. తువ్వాలు అదిమి పెట్టుకుని వాకిట్లో కూసున్నాను. తిరగేసి పెట్టుకున్నాను. పాలు పిండే పొద్దయింది, అప్పటికీ వస్తానే ఉండాది. "డాక్టరు కాడికి పోదాం పాండి" అంటా ఉండాది ఆమె. కొంచేపు సూద్దాం అన్నాను.

ఆగింది బావా. ఆలస్యంగా ఆగింది. అంత ఆలస్యమైనందుకే నాకు ధైర్యంగా ఉండాది.

ఇప్పుడు పక్కు కట్టింది. నేను సూసుకోలేదు, ఎవరినీ సూడమనలేదు. రాత్రి మాత్ర ఏసుకుని పండుకున్నాను.

పద్దెనిమిదో తేదీ పొద్దున బస్సుకు వస్తాను. బియ్యం ఇద్దరికి పొయ్యి.

నీ బామ్మర్ది
చిన్నబ్బ